ఒకే క్రూజ్ కేబిన్‌లో నలుగురు పెద్దవాళ్లా? ముందు నేల ఖాళీ చేయండి

పోయిన నెల మాతో క్రూజ్‌కు వచ్చిన ఒకాయన సగం ప్రయాణంలోనే చక్రాల కుర్చీలో దిగిపోవాల్సి వచ్చింది. తుఫాను లేదు, ఆయన మందు తాగి లేడు, వయసు ఇంకా యాభై దాటలేదు. నలుగురు కలిసి తీసుకున్న, కిటికీ లేని చిన్న కేబిన్‌లో ఆయనది పై బెర్త్. తెల్లవారుజామున 3 గంటలకు బాత్రూమ్‌కని లేచి, లైటు వేస్తే మిగతావాళ్లకు నిద్ర చెడుతుందని చీకట్లోనే నిచ్చెన దిగాడు. ఆఖరి మెట్టు తర్వాత కాలు నేల మీద పడలేదు, ఎవరిదో చక్రాల సూట్‌కేస్ మీద పడింది. ఓడ కొంచెం ఊగింది, సూట్‌కేస్ జారింది, చీలమండ విరిగింది. ఓడలో డాక్టర్ కట్టు కట్టి, ఆపరేషన్ అవసరమని తర్వాతి రేవులో దింపేశారు. ఆ సూట్‌కేస్ ఎవరిదన్న గొడవతో మిగతా ముగ్గురికీ ఇప్పటికీ మాటల్లేవు.

ఇలాంటి ప్రయాణాలకు గుంపును పోగేసి బుక్ చేసేది నేనే, కాబట్టి తిట్లూ నాకే. ఇది మొదటిసారి కూడా కాదు. ఇంతకుముందు ఒకావిడ బ్యాగు పట్టీ కాలికి చుట్టుకుని టేబుల్ అంచు మీద పడింది. ఇంకొకరికి కాలి వేలు విరిగింది. అలలనో, ఓడనో నిందించి లాభం లేదు. ప్రతిసారీ కారణం ఒక్కటే: నేల మీద సామాను. పాస్‌పోర్టు మరిచిపోకండి, సన్‌స్క్రీన్ రాసుకోండి లాంటివి ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఇదీ: కేబిన్ నేల మీద ఏదీ ఉండకూడదు.

బుక్ చేసే ముందు

కిటికీ లేని లోపలి కేబిన్ మామూలుగా 140 నుంచి 180 చదరపు అడుగులు ఉంటుంది. అంటే ఇంచుమించు 12 బై 14 గది, బాత్రూమ్, అలమర, టేబుల్ అన్నీ అందులోనే. మంచాలు పోగా మిగిలేది ఒక మనిషి నడిచే సందు. ‘నలుగురికి’ అని రాసి ఉంటే పడుకోవడానికి నాలుగు చోట్లు ఉన్నాయనే అర్థం, నలుగురు మసలడానికి చోటుందని కాదు. ఫొటోల్లో పై బెర్తులు గోడలోకో, పైకప్పులోకో మడిచి ఉంటాయి, అందుకే గది పెద్దగా కనిపిస్తుంది. పిల్లలతో ఉన్న కుటుంబానికి సరిపోయే లెక్క నలుగురు పెద్దవాళ్లకు సరిపోదు.

పై బెర్త్ ఎవరిదో డబ్బు కట్టకముందే తేల్చుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, రాత్రి రెండుసార్లు లేచేవాళ్లు, నిద్రమాత్ర వేసుకునేవాళ్లు పైకి ఎక్కకూడదు. మనిషి భారీ అయితే బెర్త్ ఎంత బరువు మోస్తుందో కంపెనీని అడగండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కింది రెండు మంచాలను కలిపితే డబుల్ బెడ్ అవుతుంది కాబట్టి విడివిడిగా కావాలంటే ముందే చెప్పాలి. ఊపుకు వాంతులయ్యేవాళ్లు ఉంటే కింది డెక్‌లో, ఓడ మధ్య భాగంలో కేబిన్ చూసుకోండి. అక్కడ ఊపు తక్కువ.

ముగ్గురికి బుక్ చేసి నాలుగో మనిషిని తర్వాత కలుపుదాం అనుకోవద్దు. కేబిన్‌లో నాలుగో బెర్త్ ఖాళీగా ఉన్నా, ఆ భాగానికి కేటాయించిన లైఫ్‌బోట్‌లో చోటు నిండిపోతే కంపెనీ ఒప్పుకోదు. ఇంకో సంగతి, చాలా కంపెనీల్లో మొదటి ఇద్దరికి పూర్తి టికెట్, మూడు, నాలుగో మనుషులకు తక్కువ. మొదటి ఇద్దరిలో ఒకరు మానేస్తే మూడో మనిషి ఆ స్థానంలోకి వచ్చి పూర్తి ధర కట్టాల్సి రావచ్చు. ఆ తేడా ఎవరు భరించాలో ముందే మాట్లాడుకోండి. తర్వాత మాట్లాడితే అది మాటగా ఉండదు, తగాదా అవుతుంది.

సామాను

మనిషికి ఒక్కటే బ్యాగు. గుడ్డది, మడిస్తే చదునయ్యేది. గట్టి పెట్టె వద్దు. కారణం చెబుతాను: మంచం కింద ఖాళీ ఉంటుంది కానీ దాని ఎత్తు కొంతే. గుడ్డ బ్యాగులు ఖాళీ చేశాక ఒకదానిలో ఒకటి దూర్చి లోపలికి నెట్టేయొచ్చు. నాలుగు గట్టి పెట్టెలు కిందికి పట్టకపోతే వాటికి మిగిలే చోటు ఒక్కటే, నడిచే దారి. మొదట్లో చెప్పినాయన చీలమండ విరిగింది అలాంటి పెట్టె మీదే.

ఓడ ఎక్కిన మొదటి సాయంత్రమే బ్యాగులు ఖాళీ చేయండి, రేపు చూద్దాం అనొద్దు. నలుగురూ ఒకేసారి తెరవకండి. ఒక్కొక్కరు పావుగంట సర్దుకోండి, మిగతా ముగ్గురు పైకి డెక్ మీదికి పోయి గాలి పీల్చుకోండి. అలమరలో ఏ అర ఎవరిదో అక్కడే పంచుకోండి. బ్యాగులు మంచం కింద పట్టకపోతే మీ కేబిన్ చూసుకునే స్టీవార్డ్‌ను అడగండి, వేరేచోట పెట్టే వీలుంటే చెబుతారు.

చాలా ఓడల్లో కేబిన్ గోడలు ఉక్కువి. అయస్కాంతం ఉన్న కొక్కేలు ఓ డజను తీసుకెళితే టోపీలు, చేతి సంచులు, తడి బట్టలు అన్నీ గోడకెక్కుతాయి. నాకు తెలిసి ఈ ప్రయాణానికి ఇంత చవకైన, ఇంత పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు.

సామాను అంటే సూట్‌కేసులే అనుకోకండి. మనిషికి రెండు జతలంటే పదహారు చెప్పులు. కింద జారిన టవల్, పక్కకు తోసిన దుప్పటి, మంచం నుంచి టేబుల్ దాకా లాగిన ఛార్జర్ తీగ, ఇవన్నీ సామానే. తీగలకు మందు ప్లగ్గుల దగ్గరుంది: ఎన్ని ప్లగ్గులున్నాయో ముందే కనుక్కుని, ఒకే ప్లగ్గుకు నాలుగు ఫోన్లు పెట్టే చిన్న యూఎస్‌బీ ఛార్జర్ తెచ్చుకోండి. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తేవద్దు, ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు. ఇస్త్రీపెట్టె, కెటిల్, కొవ్వొత్తులు కూడా అంతే.

రాత్రి

లోపలి కేబిన్‌లో లైటు తీస్తే ఇంట్లోలాంటి చీకటి కాదు, మన చెయ్యి మనకే కనపడదు. బ్యాటరీతో వెలిగే చిన్న నైట్ లైటు ఒకటి నిచ్చెన దగ్గర, ఒకటి బాత్రూమ్ తలుపు దగ్గర పెట్టండి. బాత్రూమ్ గడప ఇంట్లోకన్నా ఎత్తుగా ఉంటుంది, మొదటి రోజే పగటిపూట నాలుగుసార్లు దాటి కాలికి అలవాటు చేయండి. నిచ్చెన వైపు ముఖం పెట్టి దిగండి. పై బెర్త్ వాళ్లు లైటు వేస్తే విసుక్కోకండి. మొదట్లో చెప్పినాయన ఆ మొహమాటానికే కాలు విరగ్గొట్టుకున్నాడు.

అసలు భయం కాలు విరగడం గురించి కూడా కాదు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ రాయికి కొట్టుకుని 32 మంది చనిపోయారు. ఆ రాత్రి కరెంటు పోయింది, ఓడ పక్కకు ఒరిగిపోయింది. అలా ఒరిగిన గదిలో మూలనున్న పెట్టె మూలనే ఉంటుందా? జారి వచ్చి తలుపుకు అడ్డం పడుతుంది. మంటలు వస్తే పొగ పైకి పోతుంది, మనిషి వంగి, పాకి బయటపడాలి. కారిడార్‌లో దారి చూపే లైట్లు, గుర్తులు నేలకు దగ్గరగా పెట్టేది అందుకే. ఆ నేల దాకా చేరాలంటే ముందు మీ కేబిన్ నేల దాటాలి. నేల ఖాళీగా ఉంచమని ఇన్నిసార్లు ఎందుకు అంటున్నానో ఇప్పుడైనా అర్థమైందనుకుంటాను.

కాంకోర్డియాలో ఆ రోజే ఎక్కినవాళ్లలో చాలామందికి అత్యవసర డ్రిల్ ఇంకా జరగలేదు. అప్పటి నిబంధన ప్రకారం 24 గంటల్లోపు చేస్తే చాలు. 2015 జనవరి 1 నుంచి ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో చేసి తీరాలి. ఆ డ్రిల్‌కు నలుగురూ వెళ్లండి. ‘నువ్వు విని వచ్చి మాకు చెప్పు’ అనే బేరం వద్దు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే మీ మస్టర్ స్టేషన్‌కు, అంటే ప్రమాదంలో మీరు చేరాల్సిన చోటికి, పోవాలి. ఆ స్టేషన్ గుర్తు మీ కేబిన్ కార్డు మీద ఉంటుంది, చూసి బట్టీ పట్టండి.

ఒకరికి జబ్బు చేస్తే

ఓడల్లో వాంతులు, విరేచనాలంటే ముందు అనుమానించేది నోరోవైరస్‌నే. సోకిన 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది. శానిటైజర్ దానికి పెద్దగా పనిచేయదు, సబ్బు, నీళ్లతోనే చేతులు కడగాలి. ఒకే టాయిలెట్ వాడే నలుగురిలో ఒకరు దాచారంటే మిగతా ముగ్గురి సంగతి చెప్పక్కర్లేదు. గదిలోంచి బయటికి రానివ్వరేమో, రేపటి టూర్ పోతుందేమో అని దాస్తారు. దాచకండి. వైద్యకేంద్రానికి ఫోన్ చేస్తే వాళ్లే మనుషులను పంపి మందు ద్రావణంతో శుభ్రం చేయిస్తారు. నేల మీద నాలుగు బ్యాగులు తెరిచి ఉన్న గదిలో ఒకరికి వాంతి అయితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నేను చూశాను, ఊహించుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో

నేల మీద ఏమీ పెట్టొద్దు. మళ్లీ చెప్పాను, మళ్లీ చెబుతాను.

బాల్కనీ ఉన్న కేబిన్ తీసుకుంటే, బాల్కనీ తలుపు, కేబిన్ తలుపు ఒకేసారి తెరవద్దు. గాలికి బరువైన తలుపు కొట్టుకుంటే వేళ్లు పోతాయి.

బాల్కనీలో సిగరెట్ వద్దు. 2006 మార్చిలో స్టార్ ప్రిన్సెస్ అనే ఓడలో బాల్కనీలో మొదలైన మంట ఎన్నో కేబిన్లకు పాకి ఒకరి ప్రాణం తీసింది, దానికి కారణం చాలావరకు ఆర్పకుండా పారేసిన సిగరెట్టే అయి ఉంటుందని దర్యాప్తులో తేల్చారు.

తాగినవాళ్లను పై బెర్త్ ఎక్కించొద్దు. ఆ రాత్రికి కింద ఉన్నవాళ్లు మంచం మార్చుకోవాలి, వాదనలు పొద్దున.

టాయిలెట్ వాక్యూమ్‌తో పనిచేస్తుంది. అక్కడ ఇచ్చిన టిష్యూ తప్ప ఏమీ వేయొద్దు. తడి వైప్స్ అసలే వద్దు. మీ కేబిన్‌తో పాటు పక్కవాళ్లదీ ఆగిపోతుంది.

స్నానానికి వంతులు రాసి అద్దం మీద అంటించండి. జుట్టు ఆరబెట్టుకోవడం బాత్రూమ్ బయట.

రాత్రి స్నేహితుల కేబిన్‌లో పడుకోవద్దు. ప్రమాదం వస్తే మీ పేరు ఒక స్టేషన్ జాబితాలో ఉంటుంది, మీరు ఇంకో చోట ఉంటారు. మీకోసం ఎవరో వెతుక్కుంటూ వెనక్కి వెళ్లాల్సి వస్తుంది.

లాకర్ ఒక్కటే, కోడ్ ఒక్కటే. అందులో పెట్టింది నలుగురిదీ అనుకోండి. అలా అనుకోలేకపోతే పెట్టొద్దు.

ఖర్చులకు ఎవరి క్రెడిట్ కార్డు వాళ్లదే ఇవ్వండి. డ్రింక్ ప్యాకేజీ ఒకరు కొంటే కేబిన్‌లోని పెద్దవాళ్లందరూ కొనాలనే నిబంధన కొన్ని కంపెనీల్లో ఉంది, చదువుకోండి.

వైద్యకేంద్రం ఫ్రీ కాదు. బిల్లు మీ ఖాతాలో పడుతుంది. ప్రయాణ బీమా తీసుకోండి.

నిద్రలో ఊపిరి ఆడటానికి ముక్కుకు పెట్టుకునే గురక మెషీన్ (సీపాప్) వాడేవాళ్లు కంపెనీకి ముందే చెప్పండి. గురక పెట్టేవాళ్లు మిగతా ముగ్గురికీ ముందే చెప్పండి.

పగలు నిచ్చెన తీసి ఉంటే మంచం అంచు మీద కాలు పెట్టి పైకి ఎగబాకొద్దు. స్టీవార్డ్‌ను పిలవండి.

తడి ఈత బట్టలు నేల మీద వేయొద్దు. షాపింగ్ సంచులు నేల మీద వేయొద్దు. ‘ఒక్క నిమిషం’ అని కూడా వేయొద్దు. ఆ నిమిషం తర్వాత ఎవరూ తీయరు.

ఆఖరి రాత్రి అన్నిటికన్నా ప్రమాదం. దిగేముందు రాత్రే పెద్ద బ్యాగులు కారిడార్‌లో పెట్టమంటారు కాబట్టి నలుగురూ ఒకేసారి సర్దుడు మొదలెడతారు. మళ్లీ వంతులే. సర్దిన బ్యాగు సర్దినట్టే తలుపు బయట పెట్టేయండి, లోపల దొంతర పేర్చకండి. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్టు మాత్రం చేతి సంచిలో ఉంచుకోండి. మాలో ఒకాయన ప్యాంట్లన్నీ సర్ది పంపేసి, నైట్ డ్రెస్‌తో ఇమిగ్రేషన్ క్యూలో నిలబడ్డాడు.