ఉబుంటు నత్తనడక నడుస్తుంటే, ర్యామ్ కొనేముందు

పర్లాకిమిడిలో మా బావ జిరాక్స్ షాపు లాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేశాక విండో పక్కకి జరిపినా ఈడ్చుకుంటూ వచ్చేది. ఫ్యాను రొద సరేసరి. ర్యామ్ కోసం బరంపురం బస్సెక్కబోయి ఆగాం.

సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాలు తెరిచి 'గ్రాఫిక్స్' దగ్గర చూడండి. ఇంటెల్, ఏఎండీ లాంటి పేరుకు బదులు 'ఎల్‌ఎల్‌వీఎంపైప్' అని ఉంటే తెర మీది బొమ్మంతా గ్రాఫిక్స్ చిప్ బదులు ప్రాసెసరే గీస్తోందన్నమాట. మాకైతే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'సేఫ్ గ్రాఫిక్స్' ఎంచుకోవడంతో గ్రబ్ (కంప్యూటర్ ఆన్ కాగానే ఉబుంటుని లేపే ప్రోగ్రామ్) సెట్టింగుల ఫైల్లో 'నోమోడ్‌సెట్' అన్న మాట ఉండిపోయింది. అది ఉన్నంతకాలం కెర్నల్‌లోని (ఉబుంటుకి గుండెకాయలాంటి భాగం) గ్రాఫిక్స్ డ్రైవర్ పనిచెయ్యదు. ఆ ఒక్క మాట తీసేసి, 'అప్‌డేట్-గ్రబ్' కమాండ్ నడిపి రీస్టార్ట్ చేశాం, అంతే. ఇంటెల్‌కు వేరే డ్రైవర్ వెతకక్కర్లేదు, కెర్నల్‌తోనే వస్తుంది. ఎన్విడియా అయితే ఉబుంటులోని 'అడిషనల్ డ్రైవర్స్'లో చూసుకోండి.