ఎన్ని రోజులుంది? – 3వ పాఠం: లెక్క ఎక్కడ మొదలు?

గత పాఠంలో రాసుకున్న పట్టిక దగ్గర పెట్టుకోండి. నెల మొదలయ్యే ముందు ఏడాదిలో ఎన్ని రోజులు గడిచాయో చెప్పే అంకెలవి: జనవరి 0, ఫిబ్రవరి 31, మార్చి 59, ఏప్రిల్ 90, మే 120, జూన్ 151, జూలై 181, ఆగస్టు 212, సెప్టెంబర్ 243, అక్టోబర్ 273, నవంబర్ 304, డిసెంబర్ 334. లీపు సంవత్సరమైతే మార్చి నుంచి ఒకటి కలపాలి. తేదీకి ఆ నెల అంకె కలిపితే అది ఏడాదిలో ఎన్నో రోజో తెలుస్తుంది.

కూడికలు, తీసివేతలు అందరికీ వచ్చు. పొరపాటు జరిగేది మొదటి రోజు దగ్గర. దాన్ని లెక్కలో వేసుకోవాలా, వదిలేయాలా?

బిడ్డ జూన్ 5న పుట్టిందనుకోండి. 21వ రోజు బారసాల. ఇంట్లో పెద్దవాళ్లు పుట్టిన రోజునే ఒకటిగా పట్టుకుంటారు. అందుకని 21 కాకుండా 20 కలపాలి: జూన్ 25. పదకొండో రోజు పురుడైనా, పన్నెండో రోజు కర్మ అయినా ఇదే పద్ధతి.

ఆఫీసు లెక్క వేరు. సమాచార హక్కు చట్టం కింద మీరు అడిగినదానికి అదే జూన్ 5న జవాబు అందింది, అది సరిగా లేదు. జవాబు అందిన నాటి నుంచి 30 రోజుల్లో మొదటి అప్పీలు చేసుకోవచ్చు. కేంద్ర చట్టంలో ఫలానా రోజు ‘నుంచి’ అని ఉంటే ఆ మొదటి రోజును వదిలేయాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. జూన్ 5 ఏడాదిలో 156వ రోజు. 30 కలిపితే 186, అంటే జూలై 5. 2026లో అది ఆదివారం. ఆఖరి రోజున ఆఫీసు మూసి ఉంటే మళ్లీ తెరిచిన రోజున ఇచ్చినా గడువులో ఇచ్చినట్టేనని 10వ సెక్షన్ అంటుంది కాబట్టి సోమవారం దాకా సమయముంది. ఈ వెసులుబాటు పరీక్ష ఫీజులకూ ఆన్‌లైన్ దరఖాస్తులకూ ఉంటుందని మాత్రం నమ్ముకోకండి. అసలు ఆఖరి తేదీని డైరీలో రాయకండి, దానికి ముందున్న పనిదినాన్ని రాసుకోండి. గడువు దాటిపోయి గుమ్మం దగ్గర బతిమాలుకునే అవస్థ ఎవరికీ రాకూడదు.

పనిదినం అన్నాను గదా, అది ఏ రాష్ట్రపు పనిదినమో కూడా చూసుకోవాలి. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇల్లు, పక్కనే ఆంధ్రలోని పాతపట్నంలో పని ఉన్నవాళ్లకు ఇది రోజూ ఉండేదే. ఏప్రిల్ 1న ఉత్కళ దివస్, జూన్ నడుమ రజ సంక్రాంతి ఒడిశా ఆఫీసులకు సెలవులు. కాగితం ఏ ఆఫీసుకు వెళ్లాలో ఆ రాష్ట్రపు సెలవుల జాబితా చూడండి.

ఇక వెనక్కి లెక్కించడం. రైల్వే ముందస్తు రిజర్వేషన్ 2024 నవంబర్ 1 నుంచి 60 రోజులు, ప్రయాణం రోజు కాకుండా. 2027 జనవరి 12న పండక్కి బయలుదేరాలంటే 12 లోంచి 60 పోదు, కాబట్టి గత ఏడాది 365 కలపండి: 377 – 60 = 317. పట్టికలో 304 నవంబర్‌ది, మిగిలింది 13. నవంబర్ 13 పొద్దున టికెట్లు తెరుస్తారు. అయితే ఈ 60 రోజులూ బండి మొదట బయలుదేరే స్టేషన్ తేదీ నుంచి చూస్తారు. హౌరాలో ముందురోజు రాత్రి బయలుదేరి తెల్లారాక బరంపురం వచ్చే బండైతే మీకు బుకింగ్ నవంబర్ 12నే మొదలవుతుంది. ఆ ఒక్క రోజులో స్లీపర్ బెర్తులు అయిపోతాయి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది తిథులు. తాతగారి తద్దినం ఆశ్వయుజ బహుళ పంచమి. బరంపురంలో ఉన్న మనవడు గోడకున్న ఒడియా పంజిలో, అంటే వాళ్ల పంచాంగంలో, ఆశ్విన కృష్ణ పంచమి వెతికి సెలవు పెట్టాడనుకోండి, ఒక నెల ముందే వచ్చేస్తాడు. మన నెల అమావాస్యతో ముగుస్తుంది. పంజిలో చాంద్రమాసం పున్నమితో ముగుస్తుంది. శుక్ల పక్షంలో రెండింటిలోనూ నెల పేరు ఒకటే. బహుళ పక్షం వచ్చేసరికి పంజి తరువాతి నెల పేరు చెబుతుంది. మనకు మాఘ బహుళ చతుర్దశి నాటి శివరాత్రి వాళ్లకు ఫాల్గుణ కృష్ణ చతుర్దశి. రాత్రి మాత్రం అదే. కాబట్టి తాతగారి తిథి పంజిలో కార్తిక కృష్ణ పంచమి కింద ఉంటుంది. మనవడు చూసిన ఆశ్విన కృష్ణ పంచమి మన భాద్రపద బహుళంలోది, మహాలయ పక్షం. పెద్దల తిథులన్నీ ఒక కాగితం మీద రెండు పేర్లతోనూ రాసి పెట్టండి, పిల్లలు ఎటువైపు చదువుకున్నా పనికొస్తుంది. తిథి ఒక్కోసారి రెండు తేదీల మీద పడుతుంది. అప్పుడు తద్దినానికి అపరాహ్ణ వేళ, అంటే మధ్యాహ్నం దాటాక, ఉన్న తిథినే చూస్తారు, ఆ ఏటి తేదీని పురోహితుణ్ని అడిగి ఖాయం చేసుకోండి.

ఈ వారం అభ్యాసం. 2026 నవంబర్ 18 బుధవారం. 2027 ఫిబ్రవరి 10కి ఇంకా ఎన్ని రోజులు, అది ఏ వారం? ఆగస్టు 20న పుట్టిన పాపకు 21వ రోజు ఏ తేదీ? ఒడియా పొరుగావిడ మార్గశిర కృష్ణ అష్టమి అంటే మన పంచాంగంలో ఏ నెల తెరవాలి?

జవాబులు వచ్చే పాఠం మొదట్లో. ఆ పాఠం అధిక మాసం గురించి: 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఆ తర్వాత వచ్చే పండుగలు 2025లో కన్నా ఎన్ని రోజులు ఆలస్యంగా పడ్డాయో మీ ఇంటి క్యాలెండర్లో చూసి రాసుకుని రండి.