మనోళ్ల లొల్లికి గోలి పెంచే ముందు ఇంట్ల చేసే పనులు

మా తమ్మునికి ఇప్పుడు 23 ఏండ్లు. ఆటిజం ఉంది, మేధో వైకల్యం కూడ ఉంది, మాటలు నాలుగైదు వస్తయ్ గంతే. మాది హన్మకొండ అవతల పల్లె. వాడు లొల్లి చేసినప్పుడల్లా ఒక గోలి పెరుక్కుంట వచ్చింది, ఒక టైంల రోజుకు నాలుగు రకాలు, పొద్దంత మగతల పడుకునుడే, నోట్లకెల్లి చొంగ కారుడు. చుట్టాలు వచ్చి "ఇప్పుడు మంచిగైండు కదా బిడ్డా, సప్పుడే లేదు" అనేటోళ్లు, అది విని అవ్వ సంబురపడేది, నేను కూడ పడ్డ, అబద్ధం ఎందుకు. తర్వాత మేము నేర్చుకున్నది రాస్తున్న. నేను డాక్టర్ ను కాదు, దీన్ని చదివి ఒక్క గోలి కూడ మీ అంతట మీరు ఆపొద్దు, ఫిట్స్ గోలీలు, నిద్ర గోలీలు ఒక్కసారి బంద్ చేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటది.

మొదటి పని చాన చిన్నది. ఒక తెల్లకాయితం మీద ప్రతి గోలి పేరు రాసి, పక్కన అది ఏ జబ్బుకో రాయుండ్రి. మా కాయితం ఇట్ల తేలింది: వాల్ప్రొయేట్ పక్కన ఫిట్స్, మంచిగనే ఉంది. రిస్పెరిడోన్ పక్కన "కొడతడు". ట్రైహెక్సిఫెనిడిల్ పక్కన "రిస్పెరిడోన్ తోని చేతులు వణుకుతున్నయ్ అని". క్లోనజెపామ్ పక్కన "రాత్రి లొల్లి". అంటే మూడింటికి జబ్బు పేరే లేదు, రెండింటికి ఇంటోళ్ల ఇబ్బంది పేరు, ఒకదానికి ఇంకో మందు తెచ్చిన ఇబ్బంది పేరు ఉంది.

ఆస్ట్రేలియాల వికలాంగుల సేవల కోసం 2018ల రూల్స్ తెచ్చిన్రు, దాంట్ల దీనికి కెమికల్ రిస్ట్రెయింట్ అని పేరు పెట్టిన్రు, మన మాటల మందుతోని కట్టేసుడు. డాక్టర్ తేల్చిన మానసిక జబ్బుకో, ఒంటి జబ్బుకో ఇచ్చే మందు దీని కిందికి రాదు, మనిషి ప్రవర్తనను అదుపు చేసుడే అసలు ఉద్దేశం అయితే వస్తది. అక్కడ గిట్ల మందు వాడాలంటే బిహేవియర్ సపోర్ట్ ప్లాన్, అంటే లొల్లి ఎందుకైతున్నది, మందు కాకుంట ఏం చేయాలె అనే కాయితం, రాసి ఉండాలె, వాడిన లెక్క ఆ సేవలను చూసే సర్కారు కమిషన్ కు చెప్పాలె. మన దగ్గర గంత పద్ధతి లేదు కాబట్టి ఆ కాయితం మనమే రాసుకోవాలె.

రిస్పెరిడోన్ చెడ్డ మందు అని అంటలేను. ఆటిజం ఉన్న పిల్లల చిరాకుకు అమెరికాల 2006లనే దానికి అనుమతి ఇచ్చిన్రు, కొందరికి నిజంగ పనిచేస్తది. కాని మేధో వైకల్యం ఉండి కొట్టే పెద్దోళ్ల మీద, 86 మంది మీద చేసిన ఒక పరీక్ష 2008ల లాన్సెట్ పత్రికల వచ్చింది, మందు లేని ఉత్త గోలి మింగినోళ్లకు కూడ కోపం తగ్గింది, రిస్పెరిడోన్, అసుంటిదే ఇంకో మందు హాలోపెరిడాల్ దాని కంటె మెరుగేం అనిపించలే. గోలి పెంచుడే ఒక్కటే తొవ్వ అనుకునేటోళ్లు ఇది ఒకసారి యాది పెట్టుకోవాలె.

రెండోది, ఒంట్లె నొప్పి ఉందేమో చూడుండ్రి, ఇది అందరికంటె ఎక్కువ మేము మోసపోయిన జాగ. మాటలు రానోడు కడుపునొప్పిని చేతులతోనే చెప్తడు కదా. మావోనికి రిస్పెరిడోన్ తోని వణుకు వచ్చింది, వణుకుకు ట్రైహెక్సిఫెనిడిల్ వేసిన్రు, దానితోని నోరు ఎండుడు, మలబద్ధకం, నాలుగైదు రోజులు దొడ్డికి పోకపోయేది, ఆ నొప్పికి తలను గోడకు కొట్టుకునేటోడు, మేము పోయి "సార్ మళ్ల ఎక్కువైంది" అంటే రిస్పెరిడోన్ పెరిగేది. ఏడాదిన్నర ఈ గిరగిర తిరిగినం. ఆఖరికి ఒక నర్సమ్మ అడిగింది, దొడ్డికి ఎప్పుడు పోయిండమ్మా అని. ఎవ్వలకూ తెల్వదు! గందుకే క్యాలెండర్ మీద దొడ్డికి పోయిన రోజు గీత పెట్టుండ్రి, పండ్లు, చెవులు చూపియ్యుండ్రి, ఆడపిల్లలైతే నెలసరి తేదీలు లొల్లి తేదీలతోని కలుస్తున్నయా చూడుండ్రి. ఇంకొకటి, ఈ మందులల్ల కొన్నింటితోని కాళ్లల్ల కుదురులేనితనం వస్తది, కూసోలేడు, నిలబడలేడు, ఊకె తిరుగుతడు, అది కూడ లొల్లి లెక్కనే కనపడ్తది.

మూడోది నోటు పుస్తకం, రెండు వారాలు. లొల్లి అయిన ప్రతిసారి నాలుగు ముక్కలు: ఎన్ని గంటలకు, అంతకు ముందు ఏం జరిగింది, వాడు ఏం చేసిండు, తర్వాత మనం ఏం చేసినం. "ఊకెనే కోపం వచ్చింది" అని మాత్రం రాయొద్దు. ఎవరు ఉన్నరు, ఏ సప్పుడు అయితున్నది, ఎప్పుడు తిన్నడు, గదే రాయాలె. తర్వాత ఏం చేసినమో రాసుడు అందరికీ కష్టం, ఎందుకంటే దాంట్ల మన తప్పు బయటపడ్తది, అరిచిండు అని సెల్ ఇచ్చినం, కొట్టిండు అని స్నానం బంద్ పెట్టినం, గిట్ల రోజూ జరిగితే వాడు ఏం నేర్చుకుంటడో మీరే చెప్పుండ్రి. పనికెల్లి తప్పించుకునుడు, మనిషి కావాలనుడు, వస్తువు కావాలనుడు, ఒంటికి ఏదో హాయి అనిపించుడు, మామూలుగ ఈ నాలుగిట్ల ఏదో ఒకటి ఉంటది, నొప్పి సంగతి పైన చెప్పిన.

మా పుస్తకంల తేలింది ఏందంటే, లొల్లి అంత పొద్దుగాల ఆరు నుంచి ఎనిమిది మధ్యల, అది కూడ ఫిబ్రవరి, మార్చిల. అప్పుడు మిర్చి ఏరుడు, అవ్వ మబ్బుల నాలుగున్నరకే కైకిలి ఆటో ఎక్కి పోతది, వాడు ఏడుస్తడని చెప్పకుంట పోయేది. వాడు లేచేసరికి అవ్వ ఉండదు. గిలాసలు ఇసిరేసుడు, నన్ను కొరుకుడు. దానికి మేము రాత్రిపూట క్లోనజెపామ్ ఇచ్చుకుంట కూసున్నం.

ఇగ ప్లాన్. పెద్ద మాట అనుకుంటరు గని మాది ఇంతే: అవ్వ పొలం పోయే ముందురాత్రి తన స్టీలు టిఫిన్ డబ్బా వానికి చూపిస్తది, వాడే దర్వాజ మొలకు తగిలిస్తడు. పొద్దున మొలకు డబ్బా లేకుంటే అవ్వ పొలంకాడ, మాపటికి డబ్బా మొలకు వస్తే అవ్వ వచ్చినట్టు. లేవంగనే నేను పక్కల ఉంట, అటుకులు పెడ్త, తర్వాత వాడికి ఇష్టమైన పని, బాయికాడికి పోయి మోటర్ నీళ్లు చూసుడు. డబ్బా లేని మొలను వేలు పెట్టి చూపిస్తే "అవ్వ పొలం పోయింది, వస్తది" అని చెప్పాలె, వెయ్యిసార్లైనా విసుక్కోకుంట, ఇది మాత్రం నాకు చాన కష్టం. అడిగే తొవ్వ నేర్పుడు అన్నిటికంటె ముఖ్యం, కొరికితే వచ్చేది చెయ్యి చూపిస్తే కూడ వస్తది అని వానికి తెల్వాలె. మొదటి వారం లొల్లి ఇంకింత పెరిగింది, అట్లైతది అని ముందే తెలిస్తే ఆగమాగం కారు. నాలుగో వారానికి తగ్గింది. ఒంటరిగ చేయలేమంటే మండలంల భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల సర్కారు కేంద్రం) టీచర్ ను అడుగుండ్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ ల ఎన్ఐఈపీఐడీ అని మేధో వైకల్యం ఉన్నోళ్ల కోసం కేంద్ర సర్కారు సంస్థ ఉంది, కాజీపేటల రైలెక్కితే పొద్దుగాల పోయి మాపటికి రావచ్చు.

ఎస్ఓఎస్ అని చిట్టి మీద రాసే గోలి ఉంటది కదా, అవసరం పడితే వేయమని, దాంతోని పైలం. అవసరం అంటే ఎవరి అవసరం? మా ఇంట్ల చుట్టాలు వచ్చినా, బతుకమ్మ కాడ డీజే పెట్టినా ఒకటి వేసేది. డాక్టర్ తోని రాపిచ్చుకోండి: ఏది కనపడితే వేయాలె, అంతకు ముందు ఏమేం చేసి చూడాలె, రోజుకు ఎన్ని, రెండిటి మధ్య ఎన్ని గంటలు. వేసిన ప్రతిసారి పుస్తకంల ఎక్కియ్యాలె. నెల చివరకు లెక్కపెడితే మీకే తెలుస్తది. పెరుగన్నంల దొంగతనంగ కలిపి పెట్టుడు కూడ మానుండ్రి, మావోడు అది కనిపెట్టినంక పెరుగన్నమే బంద్ పెట్టిండు.

డాక్టర్ కాడికి పోయినప్పుడు "తగ్గలే సార్" అనకుంట పుస్తకం ముందల పెట్టుండ్రి. అడగాల్సినయ్: ఈ గోలి ఏ జబ్బుకు, ఏం తగ్గితే పనిచేసినట్టు, ఎన్ని వారాలు చూద్దాం, బరువు, షుగర్, కొవ్వు పరీక్ష ఎప్పుడు, తగ్గించే తేదీ ఎప్పుడు. పాత చిట్టి చూపిచ్చి మెడికల్ షాపుల ఏండ్లకేండ్లు అదే తెచ్చుకునుడు మనందరికీ అలవాటు, అక్కడ్నే మోసం అయితది. తగ్గించేటప్పుడు ఒకటే మందు, కొంచెం కొంచెం, వారాల లెక్కన, పెండ్లి, ఇల్లు మారుడు ఉన్న నెలల వద్దు. ఎండాకాలం సంగతి వేరేగ అడుగుండ్రి, ట్రైహెక్సిఫెనిడిల్ వేసుకునేటోళ్లకు చెమట సరిగ పట్టదు, మన మే నెల ఎండల అది చిన్న సంగతి కాదు. జ్వరం ఎక్కువై, ఒళ్లు కట్టె లెక్క బిగుసుకపోయి, సోయి తప్పినట్టుంటే పొద్దటిదాక ఆగొద్దు, వరంగల్ ఎంజీఎం పెద్ద దవాఖానకు తీస్కపోవుడే. మామూలుగ ఏమన్న అడగాలంటే మానసిక ఆరోగ్యం కోసం సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ 14416, తెలుగుల మాట్లాడుతరు.

హాస్టల్ ల ఉంచేటోళ్లు మందుల రిజిస్టర్ చూపియ్యమని అడుగుండ్రి. మావోన్ని కొన్ని నెలలు ఒక దగ్గర ఉంచినం, పేరెందుకు, సాయంత్రం ఆయమ్మలు తక్కువుంటరని ఒక గోలి ఎక్కువ వేసేటోళ్లు, మాకు చెప్పనే లేదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మానసిక జబ్బున్నోళ్లను గొలుసులతోని కట్టుడు నిషేధించింది, ఒంటరిగ గదిల పెట్టుడు కూడ వద్దన్నది, మనుషులు తక్కువున్నరని కట్టేయొద్దు, కట్టేస్తే ఆ మనిషి తరఫున మాట్లాడే ప్రతినిధికి (నామినేటెడ్ రిప్రజెంటేటివ్) 24 గంటలల్ల చెప్పాలె అన్నది. మేధో వైకల్యం ఒక్కటే ఉంటే ఆ చట్టం కిందికి రాదు, కాని నేను అడిగేటప్పుడు అదే కొలత పెట్టుకుని అడుగుత, ఎవ్వరూ కాదనలే ఇప్పటిదాక.

ఇప్పుడు మావోనికి వాల్ప్రొయేట్ ఉంది, రిస్పెరిడోన్ సగమైంది, మిగిలిన రెండు డాక్టరే మెల్లగ తీసేసిండు. పోయిన నెల టిఫిన్ డబ్బా సొట్టపడ్డదని కొత్తది కొన్నం, మొలకు పెట్టంగనే తీసి బయట పారేసిండు, రెండు రోజులు లొల్లే లొల్లి. పాతదాన్నే తోమి మళ్ల తగిలిచ్చినం.