పాత డేనిష్ కుర్చీని తిరగేసి చూడటం ఎలా

1950ల నాటి డేనిష్ ఫర్నిచర్ తెలిసిన ఇద్దరు ఒకచోట చేరితే వచ్చే పేచీ ఒకటే. కోపెన్‌హాగెన్‌లో కొద్దిమంది వడ్రంగులతో నడిచిన వర్క్‌షాపుల పని గొప్పదా, యంత్రాల మీద ముక్కలు కోసి ఓడలకెక్కించిన ఫ్యాక్టరీల పని గొప్పదా? ఒక వైపు యోహానెస్ హాన్సెన్, నీల్స్ వోడర్ లాంటివాళ్లు. 1927 నుంచి 1966 దాకా వడ్రంగుల సంఘం ఏటా పెట్టిన ప్రదర్శనలతో పేరు తెచ్చుకున్నది వీళ్లే. రెండో వైపు ఫ్రాన్స్ అండ్ సొన్, జె.ఎల్. మొల్లర్, ఫ్రిట్జ్ హాన్సెన్. ఇద్దరి మాటలోనూ నిజముంది. అయితే అరవై డెబ్బై ఏళ్లు వాడిన కుర్చీ మీ ముందున్నప్పుడు, చేసినవాడి పేరు కంటే తరవాత చేతులు మారిన తీరే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. అది తెలిసేది అడుగు భాగంలోనే.

వెంట ఒక టార్చి, టేపు, చిన్న అయస్కాంతం, పాత విజిటింగ్ కార్డు, కింద పరవడానికి దుప్పటి పట్టుకెళ్లండి. కుర్చీని దుప్పటి మీద తలకిందులుగా పెట్టండి.

ముందు ముద్ర చూడండి, కానీ దాని దగ్గరే ఆగిపోకండి. వర్క్‌షాపులవాళ్లు సీటు చట్రం కింద కాల్చి ముద్ర వేసేవారు. ఫ్రాన్స్ అండ్ సొన్ చిన్న లోహపు బిళ్ల కొట్టేది. బిళ్ల మీద ఫ్రాన్స్ అండ్ డావర్‌కోసెన్ అని ఉంటే అది 1957కు ముందుది, ఆ ఏడాదే పేరు మారింది. కాగితపు లేబుళ్లు ఎప్పుడో ఊడిపోయి ఉంటాయి కాబట్టి ముద్ర లేనంత మాత్రాన నకిలీ అనుకోనక్కరలేదు. ముద్ర ఉన్నంత మాత్రాన అసలుదనీ అనుకోకండి, కాల్చే అచ్చు చేయించడం పెద్ద పనేం కాదు.

తరవాత అతుకులు. కుర్చీని మళ్లీ నిలబెట్టి, ఒక చేత్తో వీపు పైభాగం, రెండో చేత్తో ఎదురు మూల ముందు కాలు పట్టుకుని ఐమూలగా నెట్టి లాగండి. టక్‌మని చప్పుడు వస్తే జిగురు వదిలినట్టే. కాలూ చట్రం కలిసే చోట విజిటింగ్ కార్డు అంచు దూరుతుందేమో చూడండి. దూరితే అతుకు విప్పి మళ్లీ అతకాల్సిందే. అయస్కాంతాన్ని అతుకుల చుట్టూ జరపండి. పుట్టీ కింద మేకు దాచి ఉంటే అంటుకుంటుంది. ఇత్తడి స్క్రూలకు అంటుకోదు, వాటిని కంటితోనే వెతకాలి. అతుకులో తరవాత ఎవరో కొట్టిన మేకు వదులు కాలు కంటే చేటు, విప్పేటప్పుడు చెక్క చీలేది అక్కడే.

అతుకే అందమైన కుర్చీ ఒకటుంది. డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో యోహానెస్ హాన్సెన్ కోసం గీసిన రౌండ్ చెయిర్ అది. 1960లో కెనడీ, నిక్సన్ టీవీ చర్చలో కనిపించింది కూడా ఇదే. మొదట్లో చేతులూ వీపూ కలిసే చోటును పేముతో చుట్టి దాచారు. తరవాత రంపపు పళ్లలా ఒకదానిలో ఒకటి ఇమిడే అతుకు వేసి, దాన్ని బయటికే వదిలేశారు. ఆ పళ్లను వేలితో తడమండి. మంచిదైతే గీత కనబడుతుందిగానీ గోటికి తగలదు. చవక నకళ్లలో ఆ పళ్లు మొరటుగా ఉంటాయి, కొన్నిట్లో అసలుండవు. ఇదే కుర్చీని ఇప్పుడు పిపి మొబ్లర్ అనే కంపెనీ చేస్తోంది. ఆ పని పాతదానికంటే ఒక పిసరు నిక్కచ్చిగా ఉందనేవాళ్లున్నారు. నన్నడిగితే వాళ్లదే సరైన మాట, పాతదానికి అదనంగా పలికే ధర దాని రంగుకీ వయసుకీ.

ఇంకో డిజైనర్ ఫిన్ యూల్ విషయంలో వాదన ఇంకాస్త వేడెక్కుతుంది. వోడర్ చేసిన 1945 నాటి చేతుల కుర్చీలో సీటు గాలిలో తేలినట్టుంటుంది, చట్రానికి చాలా తక్కువ చోట్లే ఆనుతుంది. చెక్కుడు అద్భుతం. కానీ బరువంతా ఆ సన్నని అతుకుల మీదే పడుతుంది కాబట్టి ముందుగా వదిలేదీ అవే. యూల్ ఫ్రాన్స్ అండ్ సొన్‌కు ఇచ్చిన డిజైన్లు యంత్రం మీద చేయడానికి తగ్గట్టు గీసినవి. చూపుకు కాస్త తక్కువే, వాడకానికి గట్టివి. రోజూ కూర్చోవడానికైతే నేను రెండోదే తీసుకుంటాను. ఇక బోర్గె మోగెన్సెన్ 1947లో ఎఫ్‌డిబి సహకార సంఘం కోసం చేసిన జె39ను చవక కుర్చీ అని పక్కన పెట్టేవాళ్లకు దాని అతుకులు చూసే ఓపిక లేదనుకోవాలి.

బల్లలూ బీరువాలూ చూసేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా తప్పులో కాలేసేది ఒక్క మాట దగ్గర: ‘ఇది ప్లైవుడ్డేగా?’ వెడల్పాటి టేకు పలక ఎండకు కుంచించుకుపోతుంది, తేమకు ఉబ్బుతుంది. అందుకే మంచి తయారీదార్లు కూడా పైభాగానికి వెనీర్, అంటే పల్చటి చెక్క పొర, వేసి, అంచుకు గట్టి చెక్క పట్టీ కట్టారు. తక్కువ రకం గుర్తులు వేరు: పైన వెనీర్ ఉన్నా లోపల చెక్కపొట్టు బోర్డు, వెనక పల్చటి హార్డ్‌బోర్డు, సొరుగు మూలల్లో పావురం తోక ఆకారంలో కోసి ఇమిడ్చే డవ్‌టెయిల్ అతుకుకు బదులు స్టేపుల్ పిన్నులు. వెనీర్ మందం మిల్లీమీటరులోపే. దాని మీద సాండ్‌పేపర్ మెషిన్ తిప్పితే అంచుల దగ్గర అడుగు చెక్క బయటపడుతుంది, ఇక దానికి మందు లేదు.

సీటు పాడైతే దాన్ని చూసి బెదరకండి, మార్చుకోవచ్చు. వెగ్నర్ విష్‌బోన్ కుర్చీ, అంటే 1950 నుంచి కార్ల్ హాన్సెన్ అండ్ సొన్ చేస్తున్నది, సీటుకు సుమారు 120 మీటర్ల కాగితపు తాడు పడుతుంది. మొల్లర్ కుర్చీల్లో తాడు చట్రం లోపలి వైపు ఎల్ ఆకారపు మేకులకు తగులుకుంటుంది. పాత తాడు కోసేటప్పుడు ఆ మేకులు పీకేయకండి, మళ్లీ పనికొస్తాయి. వానాకాలంలో గాలి ఆడని గదిలో పెడితే ఈ తాడుకు బూజు పడుతుంది. సోఫా కుర్చీల్లో దిండు కింద రబ్బరు పట్టీలుంటాయి. అవి ఎండిపోయి, వంచితే పెళుసుగా విరుగుతాయి. కొత్త పట్టీని ఖాళీ కంటే సుమారు పదో వంతు పొట్టిగా కోసి, లాగి బిగించాలి. ఇంకా లాగితే చట్రం లోపలికి వంగుతుంది.

వదులైన కాలు అతకడానికి తొందరపడకూడదు. ముందు ప్రతి ముక్కకూ టేపు అంటించి నంబరు వేయండి. చెక్క ముక్క అడ్డుపెట్టి రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి విప్పండి. రాకపోతే గోరువెచ్చని నీళ్లూ వెనిగరూ కలిపి అతుకులో చుక్కలుగా వేసి కాసేపు ఆగండి. పాత జిగురు మెత్తబడ్డాక ఉలి అంచుతో గీకేయండి, చెక్కను మాత్రం గీకొద్దు. అతుకు సన్నబడితే మళ్లీ వదులవుతుంది. పాత జిగురు మీద కొత్త జిగురు పట్టదు, సూదితో లోపలికి ఎక్కించిన జిగురు కొన్నాళ్లకే వదిలేది అందుకే. అతుకు ఇప్పటికే వదులుగా ఉంటే చిత్రిక పట్టిన పల్చటి పొట్టు అంటించి బిగువు చేయండి. జిగురు రాశాక బెల్టు క్లాంపు బిగించి, చట్రం రెండు ఐమూలలూ టేపుతో కొలవండి, సమానంగా రావాలి. చదునైన నేల మీద నిలబెట్టి, నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో లేదో జిగురు ఆరకముందే చూసుకోవాలి. ఒక రోజంతా కదపకండి. ఎపాక్సీ వద్దు, ఎప్పుడైనా మళ్లీ విప్పాల్సి వస్తే చెక్కే చీలుతుంది.

పాలిష్ దగ్గర మన అలవాటు పనికిరాదు. ఈ టేకు కుర్చీల్లో చాలావాటికి నూనె పట్టించారు. దాని మీద మెరిసే మెలమైన్ పాలిష్ కొట్టిస్తే కుర్చీ కొత్తదవుతుందిగానీ ధర పడిపోతుంది. నూనెను పల్చగా రాసి, పావుగంట ఆగి, మిగిలింది పూర్తిగా తుడవండి. తుడిచిన గుడ్డను ఉండ చేసి పడేస్తే దానంతటదే అంటుకునే ప్రమాదముంది, పరిచి ఆరబెట్టండి.

అమెరికాలో కొని ఇంటికి పంపుదామనుకునేవాళ్లకు ఒక మాట. రోజ్‌వుడ్ అని చెబితే అది ఏ రోజ్‌వుడ్డో అడగండి. బ్రెజిల్ రోజ్‌వుడ్ మన జిట్రేగి కాదు. దాన్ని 1992లో సైట్స్, అంటే అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం, మొదటి జాబితాలో చేర్చారు. ఆ తేదీకి ముందే చేసిందని రుజువు చూపి పర్మిట్ తీసుకోకుండా సరిహద్దు దాటించకూడదు, కస్టమ్స్‌వాళ్లు పట్టుకుంటే సరుకు తిరిగి రాదు. డబ్బు కట్టేముందే అమ్మేవాళ్ల దగ్గర ఆ కాగితాలున్నాయేమో చూసుకోండి.