బెంగళూరు రద్దీలో తిరిగే డీజిల్ పికప్‌కు డీపీఎఫ్ దీపం వెలిగితే ఏం చేయాలి

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత తయారైన డీజిల్ పికప్‌లలో చాలావాటికి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటోంది. మదనపల్లె నుంచి టమాటా తెచ్చి కలాసిపాళ్యలో దించి వెళ్లే బండికీ, పీణ్య ఫ్యాక్టరీల మధ్య రోజంతా సరుకు చేరవేసే బండికీ ఉండేది ఒకే రకం వడపోత. అయినా మొదటి బండి యజమానికి దాని పేరు కూడా తెలియకుండానే ఏళ్లు గడిచిపోవచ్చు, రెండో బండి యజమానికి మాత్రం పసుపు దీపం తరచూ పలకరిస్తూ ఉంటుంది. మరమ్మతు మొదలుపెట్టే ముందు ఈ తేడా ఎందుకో గ్రహించాలి.

డీపీఎఫ్ లోపల తేనెపట్టులా సన్నని గొట్టాలతో నిండిన పింగాణీ దిమ్మె ఉంటుంది. ఒక గొట్టానికి ముందువైపు మూత ఉంటే దాని పక్క గొట్టానికి వెనుకవైపు ఉంటుంది కనుక, పొగ గోడల సన్నని రంధ్రాల గుండానే బయటికి పోవలసి వచ్చి, మసి లోపలే నిలిచిపోతుంది. హైవే మీద లోడుతో నిలకడగా నడిచే బండిలో సైలెన్సర్ వేడికే ఆ మసి కొద్దికొద్దిగా కాలిపోతుంది. ఆ వేడి చాలనప్పుడు ఇంజన్ కంప్యూటర్ సిలిండర్లలోకి ఆలస్యంగా కొంత అదనపు డీజిల్ పంపి, వడపోతకు ముందున్న క్యాటలిస్టులో, అంటే పొగను శుద్ధిచేసే భాగంలో, దానిని మండించి, సుమారు 600 డిగ్రీల వేడి పుట్టించి మసిని కాల్చివేస్తుంది. మెకానిక్‌లు రీజెన్ అనేది దీనినే. సిల్క్ బోర్డు కూడలి దగ్గర రద్దీలో ఆగుతూ సాగుతూ, ప్రతి దుకాణం ముందు ఇంజన్ ఆపుతూ నడిచే బండిలో రీజెన్ మొదలైనా మధ్యలోనే తెగిపోతుంది.

దీపం వెలిగినప్పుడు ముందుగా అది ఏ దీపమో యజమాని పుస్తకంలో చూసి నిర్ధారించుకోవాలి, ఎందుకంటే పొగలోని విషవాయువులను తగ్గించే డెఫ్ ద్రవం వాడే బండ్లలో ఆ ద్రవం తగ్గినప్పుడు వెలిగే దీపం వేరు. వెలిగింది పసుపు డీపీఎఫ్ దీపమొక్కటే అయి, బండి లాగే శక్తి మామూలుగా ఉంటే, చాలాసార్లు వర్క్‌షాపు అవసరం రాదు. అయితే రోడ్డెక్కే ముందే ఇంజన్ ఆయిల్ చూసుకోవాలి. తెగిపోయిన ప్రతి రీజెన్‌లోనూ మండని డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీతను దాటి, డీజిల్ వాసన వేస్తూ ఉంటే, ముందు ఆయిల్ మార్చాలి. ఆయిల్ తగ్గితే కంగారు పడేవారు పెరిగితే సంతోషించడం నేను చూస్తూనే ఉన్నాను, కానీ పలచబడిన ఆయిల్ బేరింగులను, ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బోను అరగదీస్తుంది. మట్టం మరీ పెరిగితే ఇంజన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా పీల్చుకుని అదుపు తప్పే ప్రమాదమూ ఉంది.

ఆయిల్ సరిగా ఉంటే, ట్యాంకులో డీజిల్ రిజర్వుకు పైన ఉండేలా చూసుకుని, ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత బండిని రద్దీ లేని రోడ్డుకు తీసుకుపోవాలి. కె.ఆర్.పురం వైపువారికి హొసకోటె దాటాక వచ్చే కోలారు రోడ్డు, దక్షిణాన ఉన్నవారికి నైస్ రోడ్డు అనుకూలంగా ఉంటాయి. వేగ పరిమితికి లోబడి, మామూలుగా వేసే గేరు కంటే ఒకటి తక్కువలో, ఇంజన్ 2,000 ఆర్‌పీఎమ్‌కు కాస్త పైన తిరిగేలా ఇరవై ముప్పై నిమిషాలు ఆపకుండా నడపాలి. దీపం ఆరిపోయాక కూడా మరికొంత దూరం పోవడం మంచిది. బండి ఆపాక ఫ్యాను జోరుగా తిరుగుతూ, ఐడ్లింగ్ కాస్త ఎక్కువగా ఉండి, కింద నుంచి కాలిన వాసన వస్తుంటే రీజెన్ ఇంకా జరుగుతున్నట్టు లెక్క. అప్పుడు ఎండుగడ్డి మీదో, గోనెసంచుల పక్కనో నిలపకూడదు.

దీపం మిణుకుమంటున్నా, దానికి తోడు ఇంజన్ దీపం వెలిగినా, ఎక్సలరేటర్ ఎంత తొక్కినా బండి లోడు లాగకపోయినా, హైవే ప్రయత్నం మానుకుని, బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను చదివే స్కానర్ ఉన్న చోటికి వెళ్లాలి. మరో లోపం నమోదై ఉన్నప్పుడు చాలా బండ్లలో కంప్యూటర్ రీజెన్‌ను మొదలుపెట్టనే పెట్టదు. పీ2463 కోడ్ మసి ఎక్కువగా పేరుకుందని చెబుతుంది. పీ2453 వచ్చిందంటే వడపోతకు ముందూ వెనుకా ఉన్న ఒత్తిడి తేడాను కొలిచే సెన్సార్‌ను అనుమానించాలి. కోడ్ చెరిపివేసి పంపించే మెకానిక్ కంటే, చెరిపే ముందు లైవ్ డేటా, అంటే సెన్సార్లు ఆ క్షణంలో ఇస్తున్న అంకెలు, చూపించే మెకానిక్ దగ్గరికి వెళ్లడం మేలు.

ఆ డేటాలో మొదట చూడవలసింది ఒత్తిడి తేడా. తాళం ఆన్‌లో ఉండి ఇంజన్ ఆగి ఉన్నప్పుడు అది సున్నాకు దగ్గరగా ఉండాలి. అప్పుడే పెద్ద అంకె కనిపిస్తే, వడపోత జోలికి పోకుండా సెన్సార్‌ను, దాని వైరింగును పరీక్షించాలి. ఆ సెన్సార్‌కు వెళ్లే రెండు సన్నని రబ్బరు గొట్టాలు వేడికి పగిలినా, లోపల మసి అడ్డుపడినా, ఎవరో తారుమారుగా బిగించినా లెక్క తప్పుతుంది. చవకైన ఆ గొట్టం ముక్కను చూడకుండా, ఎంతో ఖరీదైన వడపోతను మార్చమనే సలహాలకు తొందరపడి ఒప్పుకోకూడదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆర్‌పీఎమ్ పెంచేకొద్దీ తేడా బాగా ఎక్కువగా పెరుగుతుంటే మాత్రం వడపోత నిజంగానే నిండి ఉంటుంది.

నిండిందని తేలాక, ఎందుకు నిండిందన్నది అసలు ప్రశ్న. హైవే మీద నడిచే బండికి కూడా దీపం మాటిమాటికీ వస్తుంటే ఇంజనే మసిని ఎక్కువగా తయారు చేస్తోందని అర్థం. తెరుచుకునే ఉండిపోయిన ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపేది), కారుతున్న ఇంజెక్టర్, టర్బో నుంచి ఇంజన్‌కు పోయే గొట్టంలో గాలి లీకు, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్, టర్బో సీలు దాటి వచ్చే ఆయిల్ — వీటిని ఒక్కొక్కటిగా చూడాలి. వీటిని సరిచేయకుండా వడపోతను శుభ్రం చేయించడం డబ్బు దండగ.

వర్క్‌షాపులో స్కానర్‌తో చేయించే బలవంతపు రీజెన్‌కూ హద్దు ఉంది. మసి శాతం కంపెనీ చెప్పిన పరిమితి దాటితే, ఆ మసి ఒక్కసారిగా అంటుకుని పింగాణీ కరిగిపోవచ్చు, పగిలిపోవచ్చు. పరిమితిలోపు ఉన్నా ఆ పనిని ఆరుబయట, చుట్టూ మండే వస్తువులు లేనిచోట చేయించాలి.

రీజెన్ సవ్యంగా జరిగినా ఒత్తిడి దిగకపోతే, అందులో పేరుకున్నది బూడిద. ఇది ఇంజన్ ఆయిల్‌లోని రసాయనాల నుంచి వస్తుంది, ఎంత వేడికీ కాలిపోదు, ట్యాంకులో పోసే క్లీనర్లకూ లొంగదు. వడపోతను బండి నుంచి విప్పి, ఆ పనికి తగిన యంత్రంతో వేడిచేసి, వెనుకవైపు నుంచి గాలి కొట్టించాలి. వాటర్ సర్వీసు పైపుతో నీళ్లు కొడితే లోపలి గోడలు దెబ్బతింటాయి. బూడిద త్వరగా పేరుకోకుండా ఉండాలంటే తక్కువ బూడిదనిచ్చే ఆయిల్‌నే, పుస్తకంలో రాసిన గ్రేడు చూసి పోయించాలి.

లోపలి దిమ్మెను కోసి తీసేసి, కంప్యూటర్‌ను మాయచేసి ఇస్తామనేవారూ ఉన్నారు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇలా మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అనుమతించదు, వారంటీ కూడా పోతుంది. పాత బండి కొనేటప్పుడు ఇది పసిగట్టడానికి చిన్న ఉపాయం ఉంది. సైలెన్సర్ చల్లారాక దాని చివర లోపలి అంచున వేలితో రుద్ది చూడాలి. సరిగా పనిచేసే డీపీఎఫ్ ఉన్న బండిలో వేలికి నల్లటి మసి దాదాపు అంటదు. దట్టంగా అంటుకుంటే, దిమ్మె పగిలిపోయి ఉండవచ్చు, లేదా దానిని తీసేసి ఉండవచ్చు. ధర మాట్లాడే ముందే బండిని లిఫ్టు మీదికి ఎక్కించి చూపించమని అడగాలి.