సావిత్రీబాయి జయంతి నాడు ఊరి అవ్వలకు స్మరణ సభ: చేసే పద్ధతి

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు సత్యశోధక పద్ధతి నచ్చిన తెలుగు వాళ్లు జనవరి 3న సావిత్రీబాయి ఫూలే జయంతి జరుపుకుంటే, ఆ సభలోనే ఊళ్లో కన్నుమూసిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లను కూడా తలుచుకోవచ్చు. జోతిరావు ఫూలే 1873లో పెట్టిన సత్యశోధక సమాజంలో దేవుడికీ మనిషికీ నడుమ పురోహితుడు లేడు. కాబట్టి సభను ఆ ఇంటి కోడలో మనవరాలో నడిపించవచ్చు.

పని నెల ముందే మొదలుపెట్టండి. మొదట పేరు తేల్చుకోవాలి. పెళ్లిలో కోడలి పేరు మార్చిన ఇళ్లుంటాయి, రేషన్ కార్డులో ఉన్నది అత్తింటి పేరే. పుట్టింటి వాళ్లను అడిగి రెండూ రాయండి.

పుట్టిన ఏడాది అడిగితే ఎవరూ చెప్పలేరు. పోలీస్ యాక్షన్ (1948) నాటికి చంకలో పిల్లా, నడిచే పిల్లా? 1972 కరువులో కూలికి పోయిందా, అప్పటికి ఎందరు పిల్లలు? కిల్లారి భూకంపం (1993) నాటికి మనవలున్నారా? ఇలా అడిగితే వయసు రెండు మూడేళ్ల తేడాలో దొరుకుతుంది.

ఆమె గురించి ఒక పేజీ రాయించండి. "సహనమూర్తి, అన్నపూర్ణ" అని రాసుకొస్తే వెనక్కి పంపండి, ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి. రోజుకు ఎన్ని బీడీలు చుట్టేది, ఎన్ని కాన్పులు చేసింది, సాత్‌బారాలో (మహారాష్ట్ర భూమి రికార్డు) ఆమె పేరు ఎక్కిందా అన్నవి కావాలి. సావిత్రీబాయి విషయంలోనూ అంతే: 1848లో పుణేలో బడి, 1897లో ప్లేగు రోగుల సేవలో మరణం చెప్పి ఆపేస్తారు. 1890లో భర్త అంత్యక్రియలు ఆమే ముందుండి జరిపించిన సంగతి వదిలేస్తారు.

మారుమనువు, అప్పులు, విడిగా బతకడం లాంటివి ఉంటే పేజీని సభకు రెండు రోజుల ముందు ఆమె పిల్లలకు చదివి వినిపించండి. వద్దన్నది తీసేయవచ్చు కానీ దాని బదులు లేనిది చేర్చకూడదు.

పాస్‌పోర్ట్ ఫొటోను ఫోన్‌తో తీసి పెద్దది చేస్తే ముఖం చెదిరిపోతుంది. స్కానర్‌లో 1200 డీపీఐ పెడితే 8 అంగుళాల వెడల్పు వరకు తేటగా వస్తుంది. అసలు ఫొటోను మాత్రం లామినేషన్ చేయించవద్దు, వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. ఫొటో కింద పేరు తెలుగులోనూ మరాఠీలోనూ రాయండి, మరాఠీ బడికి పోయే మనవలకు తెలుగు అక్షరాలు రావు.

మిరప ఏరే రోజులు కాబట్టి సాయంత్రం 7 తర్వాతే పెట్టాలి. ఫూలే అఖండం (ఆయన రాసిన పద్యం) ఒకటి పాడటానికి 5 నిమిషాలు, సావిత్రీబాయికి 10, ఒక్కో అవ్వకు 10, విన్నవాళ్లు కలిపే మాటలకు 20. ముఖ్య అతిథి వద్దు. మైకు ఆయన చేతికెళ్తే సభ ఆయనదైపోతుంది. వచ్చిన పెద్దలను ముందు వరుసలో కూర్చోబెడితే చాలు.

సంక్రాంతి దగ్గరపడే రోజులు గనుక పసుపు కుంకుమ పళ్లెం ఎవరో ఒకరు తెస్తారు. భర్త పోయిన వాళ్లను దాటేసి పళ్లెం తిప్పితే ఈ సభ పెట్టిందే దండగ. ఇస్తే అందరికీ ఇవ్వండి, కుదరదంటే నువ్వుల ఉండలు పంచండి.