సంక్రాంతి రంగులకు ముందు ఇంటి గోడలు కడిగిస్తున్నారా? ఖర్చు లెక్క, జాగ్రత్తలు

వానలు వెనకబట్టాక ఇంటి చుట్టూ తిరిగి చూస్తే పిట్టగోడ మీద నల్లటి చారలు, ఎండ తగలని వైపు పచ్చటి పాకుడు కనిపిస్తాయి. దాని మీదే రంగు వేస్తే ఎక్కువ కాలం నిలవదు, పొరలుగా లేచిపోతుంది. అందుకే నీటిని జోరుగా చిమ్మే యంత్రంతో, అంటే ప్రెషర్ వాషర్‌తో కడిగించమని పెయింటర్లు చెబుతున్నారు. మంచి సలహాయే. అయితే చాలామంది యంత్రం అద్దె, కూలి మాత్రమే రాసుకుని ఖర్చు తేలిపోయిందనుకుంటారు. పరంజా, నీళ్లు, కరెంటు ఏర్పాట్లు, కడిగాక బయటపడే పగుళ్లు లెక్కలోకి రావు. తీరా డబ్బు చాలకపోతే ముందు కోత పడేది పరంజాకే. మనిషి ప్రాణంతో ముడిపడిన ఖర్చు మొదట రాసుకోండి. మిగిలినదాంట్లో ఎంత పని అవుతుందో తర్వాత చూద్దురుగాని.

టేపు పట్టి ఇంటి చుట్టుకొలత తీసుకోండి. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న ఇంటికి అది 140 అడుగులు. పై అంతస్తు, పిట్టగోడ కలిపి ఎత్తు 23 అడుగులైతే మొత్తం 3,220 చదరపు అడుగులు. కిటికీలు, తలుపుల వైశాల్యం తీసేస్తారా, సజ్జల పైభాగం, పిట్టగోడ లోపలి వైపు కలుపుతారా అన్నది ధర మాట్లాడకముందే తేల్చుకోవాలి. పరంజా ఎవరిది, నీళ్లు ఎవరివి, అద్దం పగిలితే ఎవరు కట్టాలి అన్నవి కాగితం మీద రాయించుకోండి. మొత్తంలో పదిహేను శాతం పక్కన పెట్టండి. పాత రంగు కింద దాక్కున్న పగుళ్లు, బోలు ప్లాస్టరింగ్ కడిగాకే బయటపడతాయి, వాటిని పూడ్చకుండా రంగు వేయడం డబ్బు దండగ.

ఇళ్లలో వాడే చిన్న యంత్రం నిమిషానికి సుమారు 6 నుంచి 8 లీటర్లు తాగుతుంది. 7 లీటర్లనుకున్నా గంటకు 420. వెయ్యి లీటర్ల ట్యాంకు రెండున్నర గంటల్లోపే ఖాళీ అవుతుంది. ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే వీధుల్లో ఇది చిన్న ఖర్చు కాదు. నీళ్లు అయిపోయాక యంత్రం వట్టిగా తిరిగితే పంపు పాడవుతుంది కాబట్టి ట్యాంకు మీద ఒకరు కన్నేసి ఉంచాలి. డాబా మీది వాన నీటి గొట్టం సంపులోకి దిగుతుంటే ముందే ఊడదీసి, సంపు మూత బిగించండి.

అన్ని గోడలూ ఈ ధాటికి ఆగవు. మట్టి గోడలకు, పాత సున్నపు గచ్చుతో కట్టిన ఇళ్లకు ఇది పనికిరాదు. ఆస్బెస్టాస్ సిమెంటు రేకులను అసలు కడగకూడదు. వాటిలోని సన్నటి పోగులు విడివడి, గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. మిగతా గోడలను వేలి కణుపుతో తట్టి చూడండి. బోలుగా మోగిన చోట సుద్దతో గుర్తు పెట్టి, అక్కడ బ్రష్షుతోనే పని కానివ్వండి. ఒకే అంతస్తు ఇల్లయి, పాకుడు కొద్దిగానే ఉంటే యంత్రం జోలికి వెళ్లకుండా బ్రష్షు, మామూలు పైపుతో సరిపెట్టుకోవచ్చు.

పాకుడును చంపేది నీటి జోరు కాదు, మందు. బ్లీచింగ్ పౌడర్‌ను నీళ్లలో కలిపి, అడుగున సున్నం దిగాక పైనున్న తేట మాత్రమే తీసుకోండి. గోడకు పట్టించి పది, పదిహేను నిమిషాలు ఆగి, ఆరిపోకముందే కడిగేయాలి. బాత్‌రూమ్ యాసిడ్‌ను ఇందులో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపవద్దు, క్లోరిన్ విషవాయువు పుడుతుంది. తులసికోటను, మల్లె పాదును ముందే మంచినీళ్లతో తడిపి, పట్టాతో కప్పండి.

నాకు ఎక్కువ భయం కరెంటు గురించే. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు తీగను ఒకసారి దగ్గరగా పరిశీలించండి. గోడకు కొట్టిన క్లాంపు దగ్గర ఏళ్ల తరబడి ఎండకు ఎండి తొడుగు పగిలి ఉంటుంది. ఇంట్లో మెయిన్ స్విచ్ కట్టేసినా ఆ తీగలో కరెంటు ఉంటూనే ఉంటుంది. తొడుగు చెడితే తీగ మార్పించాకే పని మొదలుపెట్టాలి. మేడకు దగ్గరగా 11 కేవీ (11 వేల వోల్టుల) లైను వెళ్తుంటే ఇనుప నిచ్చెన, పొడవాటి గొట్టం ఎత్తకముందే విద్యుత్ శాఖ సిబ్బందిని కలిసి, వాళ్లు సరఫరా ఆపి లైన్ క్లియర్ ఇచ్చాకే ఆ వైపు పని చేయించండి. యంత్రాన్ని 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తక్షణం ఆపేసే స్విచ్) ఉన్న, ఎర్తింగ్ సరిగా ఉన్న 16 ఆంప్స్ సాకెట్‌కే తగిలించాలి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడిపోవాలి, పడకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తీగల అతుకులు తడి నేల మీద ఉండకూడదు. బయటి స్విచ్‌బోర్డులు, మీటరు, కాలింగ్ బెల్ మీద నీళ్లు పడకుండా కప్పండి, ఏసీ బయటి యూనిట్ మీదికి ధార పెట్టవద్దు.

నిచ్చెన మీద నిలబడి గన్ నొక్కితే వెనక్కి తన్నుతుంది, పట్టు తప్పుతుంది. పై అంతస్తుకు పరంజా, బెల్టు, హెల్మెట్ తప్పనిసరి. పిట్టగోడ ఎక్కి కడుగుతానని మనిషి ఎంత ధైర్యంగా చెప్పినా వద్దనండి. నాజిళ్లకు రంగు గుర్తులుంటే ఎర్రదాన్ని పక్కన పెట్టించండి. దాని ధార సూదిలా పడి గోడను చీలుస్తుంది. వెడల్పుగా పడే తెల్ల నాజిల్‌తో, గోడకు రెండడుగుల దూరం నుంచి మొదలుపెట్టి, పైనుంచి కిందికి రావాలి. ధార చేతికి తగిలితే పైకి చిన్న గాటే కనిపించినా నీరు చర్మం లోపలికి దూసుకుపోయి ఉండవచ్చు. పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లలను ఆ పూటకు మరో ఇంట్లో ఉంచడం మేలు.

కడిగిన గోడ పైకి ఆరినట్టున్నా లోపల తేమ ఉంటుంది. అడుగు చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి, ఒక రోజు తర్వాత చూడండి. లోపల చెమ్మ పట్టి ఉంటే ఇంకా ఎండాలి. తెలంగాణలో నవంబరులో కడిగిస్తే పండగకు కావలసినంత వ్యవధి దొరుకుతుంది. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా పడుతుంటాయి కాబట్టి, అక్కడివారు బయటి గోడల పనిని పండగ తర్వాతకు వాయిదా వేసుకుని, సంక్రాంతికి ఇంటి లోపలి గోడలకు మాత్రం రంగు వేయించుకోవడం మంచిది.